నీళ్లలో చెట్ల నీడకి అదే పచ్చరంగు మిగలాలంటే

పాపికొండల దగ్గర గోదావరి ఫోటో చూసి ఆయిల్ పెయింటింగ్ వేస్తున్నాను. ఒడ్డున చెట్లు ఒక ఆదివారం, నీళ్లలో వాటి నీడ మరో ఆదివారం. ఈలోగా కలిపిన పచ్చరంగు పాలెట్ మీద గట్టిపడేది, మళ్లీ కలిపితే అదే రంగు వచ్చేది కాదు. ట్యూబులు ఖరీదు కూడా, పారేయాలంటే ప్రాణం ఒప్పదు.

ఇప్పుడు ఒకేసారి పెద్ద ఉసిరికాయంత ముద్ద కలుపుతున్నాను. అల్ట్రామెరైన్ బ్లూ ఒక పాలు, ఎల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) చిటికెడు. ట్యూబులో వచ్చే పచ్చ కంటే అడవికి ఇదే నప్పుతుంది. సగం చెట్లకి వాడి, మిగతాది ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా నొక్కి చుట్టి, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచాను. వారం తర్వాత కూడా మెత్తగానే ఉంది. వాడే ముందు డబ్బా మూత తీయకుండా అరగంట బయట ఉంచాలి, లేకపోతే రంగుకి చెమ్మ పడుతుంది. తర్వాత రంగులు కలిపే కత్తితో బాగా మెదపండి. ముదురు చెట్ల నీడ నీళ్లలో కొంచెం లేతగా కనిపిస్తుంది కాబట్టి, అందులోనే ఆకాశానికి వాడిన రంగు కాస్త కలిపితే సరిపోతుంది.

రంగు త్వరగా ఆరడానికి కలిపే ద్రవం (మీడియం) ముందే కలిపేసి ఉంటే మాత్రం ఇది పనిచేయదు, ఫ్రీజర్లోనూ గట్టిపడుతుంది. డబ్బా మీద పెద్దగా ‘రంగు’ అని రాసి, తినే వస్తువులకు దూరంగా పెట్టండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే.