షార్ట్ ఫిల్మ్‌ను డావిన్సీ రిజాల్వ్‌లో మొదటి నుంచి చివరి దాకా ఎడిట్ చేయడం ఎలా?

రెండు కెమెరాలతో తీసి, సౌండ్ విడిగా రికార్డర్‌లో పట్టిన షార్ట్ ఫిల్మ్ మీ చేతిలో ఉందనుకుందాం. ల్యాప్‌టాప్ మామూలుది. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు. ఎడిటింగ్, కలర్, సౌండ్ మూడూ అందులోనే అయిపోతాయి.

తెరిచాక కింద మీడియా, ఎడిట్, ఫ్యూజన్, కలర్, ఫెయిర్‌లైట్, డెలివర్ లాంటి పేజీలు వరసగా కనిపిస్తాయి. దేనికదే వేరే సాఫ్ట్‌వేర్‌లా అనిపిస్తుంది. నిజంగానే ఒకప్పుడు వేరువేరు. డావిన్సీ పుట్టింది కలర్ కరెక్షన్ కోసం. 2009లో దాన్ని కొన్న బ్లాక్‌మ్యాజిక్ డిజైన్, 2014లో విజువల్ ఎఫెక్ట్స్ చేసే ఫ్యూజన్‌ను, 2016లో సౌండ్ పని చేసే ఫెయిర్‌లైట్‌ను కూడా కొని ఇందులో కలిపేసింది. అన్ని పేజీలూ పనిచేసేది ఒకే టైమ్‌లైన్ (క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ) మీద. కలర్ మొదలయ్యాక ఎడిట్‌లో ఒక షాట్ తగ్గించినా మిగతా పేజీల్లో అది అప్పటికప్పుడే మారిపోతుంది.

ఒక్క కట్ కూడా వేయకముందు

ఫుటేజ్‌ను రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేయండి. కెమెరా 1, కెమెరా 2, సౌండ్, మ్యూజిక్ అని ఫోల్డర్లు పెట్టండి. ఒకసారి లోపలికి తెచ్చాక ఫోల్డర్ పేర్లు మార్చొద్దు, మారిస్తే క్లిప్పులన్నీ ఎర్రగా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని చూపిస్తాయి.

తర్వాత ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) చూడండి. క్లిప్పులు లోపలికి వచ్చాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చడం కుదరదు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద ఫ్లికర్ (బొమ్మ మినుకుమినుకుమనడం) రాకుండా చాలామంది 25 ఫ్రేములకు, 1/50 సెకను షటర్‌కు తీస్తారు. తీసింది 25 అయితే ఇక్కడా 25 పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. రిజాల్వ్ ప్రాజెక్ట్ మీ ఫుటేజ్ ఫోల్డర్‌లో ఉండదు, దాని సొంత డేటాబేస్‌లో ఉంటుంది. ఫోల్డర్ మొత్తం పట్టుకెళ్లినా ఎడిట్ మాత్రం పాత సిస్టమ్‌లోనే ఉండిపోతుంది. అందుకే ప్రిఫరెన్సెస్‌లో యూజర్ ట్యాబ్‌కి వెళ్లి లైవ్ సేవ్, ప్రాజెక్ట్ బ్యాకప్స్ రెండూ ఆన్ చేయండి. రోజు పని ముగిశాక ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ నొక్కి, ఆ చిన్న ఫైల్‌ను హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. ఈ అలవాటుంటే సిస్టమ్ పాడైనా టెన్షన్ ఉండదు.

ప్రాక్సీలు, సింక్

4కే ఫుటేజ్ ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి ఆడుతుంటే క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి, జనరేట్ ప్రాక్సీ మీడియా ఇవ్వండి. సైజు సగమో, పావో చాలు. మీరు కట్ చేసేది ఈ తేలికపాటి కాపీలను, చివర్లో రెండర్ అయ్యేది అసలు ఫుటేజ్.

సింక్ కోసం, అంటే బొమ్మకూ విడిగా పట్టిన సౌండ్‌కూ జత కుదర్చడానికి, కెమెరా క్లిప్‌నూ రికార్డర్ ఆడియోనూ కలిపి సెలెక్ట్ చేసి, ఆటో సింక్ ఆడియోలో వేవ్‌ఫార్మ్ (శబ్దాన్ని గీతలుగా చూపేది) ఎంచుకోండి. కొన్ని టేకులు కలవకపోవచ్చు. అలాంటప్పుడు క్లాప్ కొట్టిన చోట ఆడియోలో నిటారుగా లేచిన గీతను, చెక్కలు తగిలిన ఫ్రేమ్‌కు తెచ్చి ఆనించండి. అందుకే షూటింగ్‌లో క్లాప్ మానకూడదు.

కటింగ్

కంట్రోల్, బి నొక్కితే ప్లేహెడ్ (టైమ్‌లైన్ మీద కదిలే నిలువు గీత) ఉన్నచోట క్లిప్ తెగుతుంది. బ్యాక్‌స్పేస్‌తో తీసేస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది, డిలీట్‌తో తీసేస్తే వెనకవి ముందుకు జరుగుతాయి. ఈ తేడా వేళ్లకు అలవాటైతే పని సగం సులువు. డైలాగ్ సీన్లలో బొమ్మనూ మాటనూ ఒకేచోట కోయకండి. అవతలి మనిషి మాట కాస్త ముందే వినిపించి, తర్వాత ముఖం కనిపిస్తే సంభాషణ సహజంగా ఉంటుంది.

తెలుగు టైటిల్స్ వేసేటప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోలేదు కదా అని అక్షరం అక్షరం చూడండి. చెదిరితే వేరే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోవడమే మేలు.

కలర్, సౌండ్

కలర్‌లో మొదటి నోడ్‌లో (ఒక్కో మార్పును విడిగా ఉంచే పెట్టె) వెలుగు, వైట్ బ్యాలెన్స్ మాత్రమే సరిచేయండి. రెండు కెమెరాల షాట్లూ ఒకేలా కనిపించాకే ఇంకో నోడ్ వేసి లుక్ ఇవ్వండి. కంటిని మాత్రమే నమ్మకుండా స్కోప్స్ (వెలుగు, రంగులను కొలిచి చూపే గ్రాఫులు) తెరిచి పెట్టుకోండి. ఫెయిర్‌లైట్‌లో ముందు డైలాగ్, ఆ తర్వాతే బీజీఎం. మాట మింగేసే మ్యూజిక్ ఎంత బాగున్నా తగ్గించాల్సిందే. యూట్యూబ్‌కైతే లౌడ్‌నెస్ మీటర్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గర ఉంచండి. అంతకంటే ఎక్కువ పెడితే వాళ్లే తగ్గిస్తారు.

సౌండ్ వేరే స్టూడియోలో చేయిస్తుంటే ముందు ఎడిట్ లాక్ చేసి (ఇక మార్పులు లేవని తేల్చి), సౌండ్ కట్‌లను వేరే సాఫ్ట్‌వేర్‌కు అందించే ఏఏఎఫ్ ఫైల్‌తో పాటు టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్ సమయం చెప్పే అంకెలు) కనిపించే రిఫరెన్స్ వీడియో కూడా పంపండి. కలర్ వేరేచోట అయితే కట్‌ల వివరాలుండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఇస్తారు.

రెండర్

డెలివర్‌లో ‘యూజ్ ప్రాక్సీ మీడియా’ టిక్ లేదని చూసుకుని, యూట్యూబ్‌కు హెచ్.264 (చిన్న సైజు ఫార్మాట్), దాచుకోవడానికి డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ (ఎక్కువ నాణ్యత, పెద్ద సైజు ఫార్మాట్) ఇలా రెండు ఫైళ్లు తీయండి. మొత్తం చూసి తప్పుల్లేవనుకున్నాక, ప్రాజెక్ట్ మేనేజర్‌లో ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ ఆర్కైవ్ ఇస్తే ఎడిట్, ఫుటేజ్ రెండూ కలిసి ఒకేచోటికి చేరతాయి.