అద్దం ముక్కలతో షట్కోణం: మునీర్ చూపిన దారి

మునీర్ ఫర్మాన్‌ఫర్మాయన్ పని చూసి తామూ అలాంటిది చేయాలనుకునేవాళ్లకి నేను ముందు చేతికిచ్చేది గ్లాస్ కట్టర్ కాదు, కంపాస్. ఖజ్వీన్‌లో పుట్టి, న్యూయార్క్‌లో కళ చదువుకున్న ఈ ఇరాన్ కళాకారిణి షిరాజ్‌లోని షా చెరాగ్ దర్గాలో గోడలూ పైకప్పూ నిండా పరుచుకున్న అద్దాల పనికి కదిలిపోయారు. ఇరాన్‌లో దాన్ని ఆయినేకారీ అంటారు. ఆ పాత పనితనానికి గాజు వెనక వేసే రంగుల్ని, ప్లాస్టర్‌ని కలిపి తనదైన ఆధునిక కళ చేసుకున్నారామె. ముక్కలు కోసి అతికించడానికి హాజీ ఉస్తాద్ మొహమ్మద్ నవీద్ లాంటి సంప్రదాయ పనివారు ఆమెతో కలిసి పనిచేశారు. 2017లో టెహ్రాన్‌లో ఆమె పేరుతోనే మ్యూజియం తెరిచారు. ఆమెకి బాగా ఇష్టమైన ఆకారం షట్కోణం. మనమూ దాంతోనే మొదలుపెడదాం.

30 సెం.మీ. చదరపు ప్లైవుడ్ మీద 12 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కంపాస్ వెడల్పు మార్చకుండా అదే కొలతతో అంచు చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు వస్తాయి. వాటిని కలపండి, ఎదురెదురు గుర్తుల మధ్యా గీతలు గీయండి. ఆరు త్రిభుజాలు తేలతాయి. ఒక్కోదాన్ని 3 సెం.మీ. భుజమున్న చిన్న త్రిభుజాలుగా విడగొడితే మొత్తం 96.

అద్దం 2 మి.మీ. మందందే తీసుకోండి. కళ్లకి రక్షణ కళ్లజోడు, కాళ్లకి బూట్లు లేకుండా కోయొద్దు. కట్టర్ చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, ముందు వైపు స్కేల్ ఆన్చి ఒక్కసారే గీయాలి. సన్నగా చర్రుమని శబ్దం ఆగకుండా వస్తే గీత పడినట్టే. దాని మీదే రెండోసారి గీస్తే చక్రం పాడవుతుంది. గీతకి అటూ ఇటూ పట్టుకుని కిందికి వంచితే విరుగుతుంది. మొదట 2.5 సెం.మీ. వెడల్పు పట్టీలు కోసి, తర్వాత వాటిని 60 డిగ్రీల్లో అటోసారి ఇటోసారి కోయండి. భుజం 2.9 సెం.మీ. వస్తుంది. మిగిలే సన్నని సందు ప్లాస్టర్‌కి.

నడిమి ఆరు ముక్కలకి మాత్రం మామూలు గాజు. దాని వెనక రంగు వేసేటప్పుడు వరస తిరగబడుతుంది: సన్నని గీతలు ముందు, నేపథ్యం చివర.

చెక్క మీద ఫెవికాల్ నీళ్లు పూసి ఆరనివ్వండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఒక్కో పెద్ద త్రిభుజానికి సరిపడానే కలిపి, చెక్క మీద పరిచి ముక్కలు పెట్టండి. అసలు కష్టమూ అందమూ ఇక్కడే. ముక్కలన్నీ చదునుగా పెడితే ఎదురుగోడ ఒక్కటే కనబడుతుంది. ప్రతి ముక్కకీ ఒక అంచుని ఒక్క మిల్లీమీటరు లోపలికి నొక్కండి. పక్కపక్కవి ఒకే వైపు వాలకూడదు. వెంటనే లైటార్పి ఫోన్ టార్చ్ కదిలించి చూడండి. వెలుగు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి దూకాలి. రెండు ముక్కలు కలిసి వెలిగితే వాటిలో ఒకదాన్ని తిప్పండి, ప్లాస్టర్ ఇంకా మెత్తగానే ఉంటుంది. ఈ పనిలో మాత్రం తొందరపడకండి.

సందుల్లోంచి పైకి పొంగిన ప్లాస్టర్‌ని బిగుసుకునేలోపు తడి స్పాంజితో తుడిచేయండి. రెండు రోజులు ఆరాక కిటికీకి ఎదురుగా కాదు, పక్కగోడకి తగిలించండి.