పనిలో ఉన్న పిల్లల గురించి ఏం గమనించాలి, ఏ వరుసలో సాయపడాలి

పని చేస్తున్న చిన్నపిల్లలు కంటబడినప్పుడు చాలామంది ఒక నిట్టూర్పు విడిచి ముందుకు సాగిపోతారు. కొందరు మాత్రం ఆవేశంతో యజమానిని నిలదీసి, ఆ బిడ్డను అక్కడినుంచి తక్షణమే తప్పించాలని చూస్తారు. ఈ రెండోవారి మంచి మనసును నేను గౌరవిస్తాను. అయితే పనినుంచి బయటపడిన బిడ్డ మర్నాడు ఉదయం ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఆమె సంపాదనతో గడిచే ఇల్లు ఎలా నడుస్తుంది అనే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోకుండా చేసిన సాయం ఆ బిడ్డను ఇంకా కనబడని, ఇంకా చెడ్డ పనిలోకి నెట్టవచ్చు. అందుకే ముందు పరిస్థితిని అర్థం చేసుకోవడం, ఆ తరువాత సరైన వరుసలో కదలడం అవసరం.

మొదట పనిని అంచనా వేయాలి

పిల్లలు చేసే పనంతా బాల కార్మిక సమస్య కిందికి రాదు. పిల్లల వయసు, పని స్వభావం, పని గంటలు అనే మూడింటినీ కలిపి చూసిన తరువాతే ఒక అభిప్రాయానికి రావాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒడంబడిక ప్రకారం పనిలో చేరడానికి కనీస వయసు 15 ఏళ్లు, అదీ నిర్బంధ విద్య ముగిసే వయసుకన్నా తక్కువ కాకూడదు. ఆర్థికంగా, విద్యాపరంగా వెనుకబడిన దేశాలు మొదట్లో దీన్ని 14గా పెట్టుకోవచ్చు. ఆరోగ్యానికి, చదువుకు అడ్డురాని తేలికపాటి పనిని 13 ఏళ్లనుంచి అనుమతించవచ్చు, వెనుకబడిన దేశాల్లో 12 నుంచి. ప్రమాదకరమైన పనికి మాత్రం సాధారణంగా 18 ఏళ్లు నిండాలి. కాబట్టి 16 ఏళ్ల కుర్రవాడు బట్టల దుకాణంలో పగటిపూట పని చేయడం చట్టబద్ధం కావచ్చు, అదే కుర్రవాడు పురుగుమందు కలపడం కాకూడదు. మీ దేశపు చట్టం ఇంతకన్నా కఠినంగా ఉండవచ్చు, దాన్ని తప్పక చూసుకోండి.

గంటల విషయంలో యూనిసెఫ్ లెక్కలకు వాడే కొలతలు కొంత దారి చూపుతాయి. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలు వారంలో ఒక గంటయినా సంపాదన సంబంధమైన పని చేస్తే, 12 నుంచి 14 ఏళ్లవారు 14 గంటలు చేస్తే, 15 నుంచి 17 ఏళ్లవారు 43 గంటలు చేస్తే బాల కార్మికులుగా లెక్కిస్తారు. అయితే ఇవి జనాభా సర్వేల కోసం పెట్టుకున్న గీతలు. మీ ఎదురుగా ఉన్న ఒక్క బిడ్డ విషయంలో ఇంకా సూటిగా చూడవలసింది, ఆ పని ఆమె బడిని, నిద్రను, ఆటను, ఆరోగ్యాన్ని ఎంత తినేస్తోంది అన్నది.

ప్రమాదకరమైన పనిని గుర్తించడానికి పెద్దల అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకోవద్దు. పొట్టలోకి వెళ్లిన సీసం అనే విషపు లోహాన్ని పిల్లల శరీరం పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, వారి బరువుతో పోల్చితే వారు పీల్చే గాలి కూడా ఎక్కువే. అందుకే పాత బ్యాటరీలు విప్పే చోట, పాదరసంతో బంగారాన్ని వేరు చేసే చోట పెద్దలు తట్టుకుంటున్నట్టు కనిపించినదాన్ని పిల్లలు తట్టుకోలేరు. తడి పొగాకు ఆకులు కోసేటప్పుడు నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి చేరి వాంతులు, తలతిప్పుడు తెస్తుంది. బయటినుంచి చూస్తే అది మామూలు పొలం పనిలాగే ఉంటుంది. వీటికన్నా ఘోరమైనవాటిని, అంటే వెట్టిచాకిరీని, అప్పు కింద కట్టుబడిన పనిని, లైంగిక దోపిడీని, పిల్లలను యుద్ధాలకు, మాదకద్రవ్యాల రవాణాకు వాడుకోవడాన్ని 1999 నాటి 182వ ఒడంబడిక తక్షణం ఆపాలంటుంది. 2020 నాటికి కార్మిక సంస్థలోని సభ్యదేశాలన్నీ దాన్ని ఆమోదించాయి. ఆ సంస్థ చరిత్రలో ఏ ఒడంబడికకూ అంతకుముందు ఇలా జరగలేదు.

కనబడనిచోట వెతకాలి

బాల కార్మికులనగానే కార్ఖానా గుర్తొస్తుంది. కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి 2024కు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 13.8 కోట్లమంది పిల్లలు ఇలాంటి పనిలో ఉన్నారు, వారిలో 5.4 కోట్లమందిది ప్రమాదకరమైన పని. మొత్తంలో 61 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. 2020 అంచనాల్లో 72 శాతం పిల్లలు సొంత కుటుంబంలోనే, ముఖ్యంగా సొంత పొలంలోనో చిన్న వ్యాపారంలోనో పని చేస్తున్నట్టు తేలింది. 2000 నాటి 24.6 కోట్లతో పోల్చితే 13.8 కోట్లు పెద్ద తగ్గుదలే, అయినా 2025కల్లా పూర్తిగా లేకుండా చేయాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం నెరవేరలేదు.

ఆడపిల్లల పని ఇంకా లోతుగా దాగి ఉంటుంది. తమ్ముళ్లను ఎత్తుకోవడం, నీళ్లు మోయడం, వంట చేయడం ఎవరూ పనిగా లెక్కపెట్టరు. వారానికి 21 గంటలు మించిన ఇంటిపనిని కూడా కలిపి చూసినప్పుడు, 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో మగపిల్లలే ఎక్కువన్న తేడా దాదాపు సగానికి తగ్గిపోతుందని ఆ 2020 అంచనాల నివేదిక చూపింది. ఇతరుల ఇళ్లలో పనికి పెట్టిన అమ్మాయిలు తలుపు వెనుక ఉంటారు కనుక తనిఖీ అధికారి కంటికీ ఆనరు. పొరుగింట్లో ఒక చిన్నపిల్ల ఎప్పుడూ బడి సంచితో కనిపించకపోవడం, అందరికన్నా ముందు లేచి అందరి తరువాత పడుకోవడం మీరు గమనించినదైతే, దాన్ని తేలికగా తీసుకోవద్దు.

బిడ్డతో మాట్లాడే పద్ధతి

యజమాని ముందు మాట్లాడించకండి, ఫోటో తీయకండి. వయసెంత అని నేరుగా అడిగితే నేర్పించిన జవాబు రావచ్చు. దానికి బదులు నిన్నటి రోజు గురించి అడగండి. ఎన్నింటికి లేచింది, ఎక్కడ పడుకుంది, ఎప్పుడు తిన్నది, చివరిసారి ఇంటికి ఎప్పుడు వెళ్లింది, బడిలో ఏ తరగతిదాకా చదివింది, అన్నాచెల్లెళ్లు ఏం చేస్తున్నారు. తనకు జీతమెంతో తెలియకపోవడం, పని చోటే పడుకోవడం, తల్లిదండ్రులు ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదని చెప్పడం అప్పు కింద కట్టుబడిన పనికి గుర్తులు. అవి కనిపిస్తే యజమానిని ప్రశ్నించే పని మీరు పెట్టుకోవద్దు. రాత్రికి రాత్రే పిల్లలను వేరే చోటికి తరలించే ప్రమాదం ఉంటుంది. "నేను నిన్ను తీసుకుపోతాను" అని మాట ఇవ్వడం కూడా తప్పే, నిలబెట్టుకోలేని మాట ఆ బిడ్డకు పెద్దల మీద మిగిలిన కొద్దిపాటి నమ్మకాన్ని కూడా తుడిచేస్తుంది.

ఫిర్యాదు

బాలల సహాయ ఫోన్ నంబరుకు, కార్మిక శాఖ తనిఖీ విభాగానికి, పిల్లల సంరక్షణ అధికారులకు తెలియజేయవచ్చు. బంధించడం, కొట్టడం, లైంగిక హింస అనుమానం ఉంటే పోలీసులకు ఆలస్యం లేకుండా చెప్పాలి. మీరు చూసినదాన్ని, విన్నదాన్ని, ఊహించినదాన్ని వేరువేరుగా రాయండి. చోటు, పని వేళలు, కనిపించిన పిల్లల సంఖ్య, వారి సుమారు వయసు ఉంటే చాలు. మీ పేరు గోప్యంగా ఉంచమని కోరండి. పిల్లలు చేసిన పనికి రావలసిన బకాయి జీతం ఇప్పించమని కూడా అడగండి. పనిలో పెట్టుకోవడమే చట్టవిరుద్ధం కనుక జీతం ఇవ్వనక్కరలేదని వాదించే యజమానులుంటారు, ఆ వాదనను ఒప్పుకోకూడదు.

మర్నాటి ఉదయం

ఇక్కడ బంగ్లాదేశ్ అనుభవాన్ని వివరంగా చెప్పుకోవాలి. పిల్లలు తయారు చేసిన సరుకుల దిగుమతిని ఆపాలని 1992లో అమెరికా సెనేట్‌లో టామ్ హార్కిన్ ఒక బిల్లు పెట్టారు. ఆ బిల్లు చట్టం కాలేదు. అయినా బెదిరిన బంగ్లాదేశ్ దుస్తుల కర్మాగారాలు 1993లో వేలాది పిల్లలను, అందులో ఎక్కువగా అమ్మాయిలను, ఒక్కసారిగా పనిలోంచి తీసేశాయి. యూనిసెఫ్ అంచనాలో ఆ సంఖ్య 50 వేలు. తరువాత వాళ్లను వెతుక్కుంటూ వెళ్లినవారికి చాలామంది బడిలో దొరకలేదు. రాళ్లు కొట్టడం, వీధుల్లో చిల్లర వ్యాపారాలు, కొందరు వ్యభిచారం, ఇలా కుట్టుపనికన్నా ప్రమాదకరమైన పనుల్లో కనిపించారు. మేలు చేయాలనుకున్న చట్టం, చట్టం కాకముందే, ఇంత పని చేసింది.

ఆ తప్పును దిద్దుకున్న తీరు మాత్రం నేర్చుకోదగినది. 1995 జూలైలో అక్కడి దుస్తుల ఎగుమతిదారుల సంఘం, కార్మిక సంస్థ, యూనిసెఫ్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. చదువు ఏర్పాటు అయ్యేదాకా పిల్లలను తీసేయకూడదు, కొత్తగా 14 ఏళ్లలోపువారిని చేర్చుకోకూడదు, బడికి వెళ్లే పిల్లలకు నెలకు 300 టాకాల భృతి ఇవ్వాలి, ఖాళీ అయిన ఉద్యోగాలను ఆ కుటుంబంలోని పెద్దలకు ఇవ్వజూపాలి. మీరు ఒక్క బిడ్డకు సాయం చేస్తున్నా ఈ వరుసనే పాటించండి. ఏ సంస్థలోనైనా వయసు చాలని పిల్లలు దొరికితే యజమానిచేత కూడా ఇదే చేయించాలి. ప్రమాదకరమైన యంత్రంనుంచి, రసాయనంనుంచి వెంటనే దూరం పెట్టి, కొత్త ఏర్పాటు నిలదొక్కుకునేదాకా ఇంటికి చేరే డబ్బు ఆగకుండా చూడాలి. వెట్టిచాకిరీ, హింస, లైంగిక దోపిడీ ఉన్నచోట ఈ ఓపిక పనికిరాదు, అక్కడ అధికారుల ద్వారా వెంటనే బయటికి తీసుకురావాలి.

ఇంటి లెక్కను కుటుంబంతో కూర్చుని వేయండి. బిడ్డ తెచ్చే డబ్బెంత, అప్పెంత, ఆ ఇంట్లో పెద్దలకు పని దొరకకనా, లేక దొరికిన పనికి సరైన కూలి రాకనా? ఇంట్లో జబ్బు ఉందా? పేదరికం అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఈ తేడాలు తెలియవు, తేడా తెలియకపోతే మందు దొరకదు. డబ్బు సాయాన్ని చదువుతో ముడిపెట్టిన పథకాలు కొన్ని దేశాల్లో మేలు చేశాయి. బ్రెజిల్ 1996లో మొదలుపెట్టిన పథకంలో కుటుంబానికి భృతితోపాటు, బడి ముగిసిన తరువాత పిల్లలు పనికి పోకుండా అదనపు కార్యక్రమాలు కూడా ఉండేవి. మెక్సికో 1997లో తెచ్చినదానిలో పై తరగతుల్లో అమ్మాయిలకు అబ్బాయిలకన్నా ఎక్కువ సొమ్ము ఇచ్చారు. మీ ప్రాంతంలో ఇలాంటిది ఉంటే దరఖాస్తు నింపడంలో తోడుండండి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

పన్నెండేళ్ల బిడ్డను ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో వారంలో మానేస్తుంది. ఈడువారితో కలిసేముందు కొన్ని నెలలు వేరుగా చదువు అందించే వారధి తరగతులు అందుకే పుట్టాయి.

వస్తువులు కొనేవారు బహిష్కరణను మొదటి ఆయుధంగా వాడడం నాకు సమ్మతం కాదు. 1996లో కర్ణాటకలోని కుందాపూర్‌లో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల నుంచి వచ్చిన పని చేసే పిల్లలు తమ ప్రకటనలో పిల్లలు తయారు చేసిన సరుకుల బహిష్కరణను వ్యతిరేకించారు, తమ పరిస్థితికి తగిన చదువు కావాలని కోరారు. కనీస వయసు నిబంధన అవసరమే అని నమ్మే నాకు కూడా ఆ మాట తీసిపారేయదగినదిగా కనిపించదు. అమ్మేవారిని మీ సరుకు ఎక్కడ తయారవుతోంది, అక్కడ పెద్దలకు ఎంత కూలి ఇస్తున్నారు అని అడగడం ఇంకా ఎక్కువ పని చేస్తుంది.

చివరిగా, బడిలో చేర్చిన రోజుతో ఫైలు మూయకండి. మొదటి వారంలో ఒకసారి, మొదటి నెలలో మరోసారి, ఆపైన నాట్లప్పుడు, కోతలప్పుడు తప్పకుండా హాజరు చూడండి, పొలం పని పిల్లలను ఆ రోజుల్లోనే వెనక్కి లాగుతుంది. వెళ్లిన ప్రతిసారీ ఆ ఇంట్లో చిన్నవాళ్లు ఎక్కడున్నారో కూడా అడగండి. అక్క వదిలిన పనిలో చెల్లెలు చేరి ఉండవచ్చు.