సముద్రపు నీటిలో మునిగిన గుడ్డు

ఉప్పునీటిలో గుడ్డు తేలుతుందని మా అమ్మాయికి చూపించాలని, విశాఖపట్నం రామకృష్ణా బీచ్ నుంచి సీసాలో తెచ్చిన సముద్రపు నీటిని గాజు గ్లాసులో పోసి గుడ్డు వేస్తే, అది నేరుగా అడుగుకు చేరింది. లీటరు సముద్రపు నీటిలో ఉండే ఉప్పు సుమారు 35 గ్రాములే కనుక, ఆ నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.03 గ్రాములను దాటదు. తాజా గుడ్డుది సుమారు 1.08. (నిల్వ గుడ్డులో గాలి గది పెరుగుతుంది కాబట్టి, అది మంచినీటిలోనే తేలి మనల్ని మోసగించవచ్చు.) అందువల్ల పావు లీటరు గోరువెచ్చని నీటిలో రాళ్ల ఉప్పును చెంచా చొప్పున వేస్తూ, ప్రతిసారీ పూర్తిగా కరిగేదాకా కలిపాను. ఉప్పు 30 గ్రాములు దాటాక గుడ్డు మెల్లగా పైకి లేచింది. ఆపై చెంచా మీదుగా మంచినీటిని నిదానంగా పోయగా, అది రెండు పొరల నడుమ నిలిచిపోయింది.