నోట్సు రాసే విద్య – 6వ పాఠం: బోర్డుకు ఫోటో తీస్తే నోట్సు అవుతుందా?

గత పాఠంలో ఏ సబ్జెక్టుకు కాగితం, ఏ సబ్జెక్టుకు ఫోను అన్నది మీరే తేల్చుకుని, వారం రోజులు అలాగే రాసి ఒక పేజీ పంపమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు పేజీలు కావు, బోర్డుకు తీసిన ఫోటోలు. ఒకదానిలో సగం దర్పణం, దానికి అడ్డంగా టీచరు భుజం, మూలన ముందు బెంచీ పిల్లవాడి జుట్టు. కింద ‘నా డిజిటల్ నోట్సు’ అని శీర్షిక కూడా ఉంది.

ఈసారి ఫోల్డర్లకు పేర్లు పెట్టే పద్ధతి చెప్పాలి. అది ఆగుతుంది. ముందు ఈ ఫోటోల సంగతి తేలాలి. తేదీ వేయడం, మార్జిన్ కొట్టడం వంటివి ఎలాగూ చెప్పను. పదో తరగతికి వచ్చినవారికి అవి చెప్పనక్కరలేదు.

ఆ భుజం వెనుక ఉన్న లెక్కనే తీసుకుందాం. పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం) నాభ్యంతరం 10 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది? ఫోటోలో జవాబు ఉంది: 15 సెం.మీ. దూరంలో, తలకిందులుగా, సగం ఎత్తుతో. కానీ ఏ గీత తర్వాత ఏ గీత పడిందో ఆ ఫోటోలో లేదు. ముందు ప్రధానాక్షం అనే అడ్డగీత, దాని మీద దర్పణం, రెండూ కలిసే చోట ధ్రువం. అక్కడి నుంచి కొలిచి 10 సెం.మీ. దగ్గర నాభి, 20 సెం.మీ. దగ్గర వక్రతా కేంద్రం. ఆ తర్వాతే వస్తువు. అప్పుడు అక్షానికి సమాంతరంగా వెళ్లిన కిరణం దర్పణానికి తగిలి నాభి గుండా తిరిగి వస్తుంది. నాభి గుండా వెళ్లిన కిరణం సమాంతరంగా తిరిగి వస్తుంది. రెండూ ఖండించుకున్న చోట ప్రతిబింబం. పరీక్ష హాల్లో ఖాళీ కాగితం ముందు కూర్చున్నప్పుడు చేతికి రావలసింది ఈ వరుసే.

అంతకన్నా నాకు చిరాకు తెప్పించేది మైనస్ గుర్తు. వస్తు దూరం −30, నాభ్యంతరం −10 అని బోర్డు మీద ఉంది. ఎందుకు రుణమో టీచరు నోటితో చెప్పారు: దూరాలన్నీ ధ్రువం నుంచి కొలుస్తాం, పతన కాంతి వెళ్లే దిశకు ఎదురుగా కొలిస్తే రుణం. నోటితో చెప్పిన మాట ఫోటోలో పడదు. నెల తర్వాత గ్యాలరీ తెరిచి చూసినవారికి ఆ గుర్తు ఏదో అలంకారంలా కనిపిస్తుంది. వస్తు దూరానికి మైనస్ వదిలేసి దర్పణ సూత్రంలో (1/నాభ్యంతరం = 1/ప్రతిబింబ దూరం + 1/వస్తు దూరం) వేస్తారు, జవాబు −7.5 వస్తుంది, దాని కింద రెండు గీతలు కొట్టి సంతోషంగా తరువాతి ప్రశ్నకు వెళ్తారు. తానే బొమ్మ గీసుకున్న పిల్లవాడు మాత్రం అక్కడ ఆగుతాడు. అతని బొమ్మలో ప్రతిబింబం నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్య పడింది, అంటే 10కీ 20కీ మధ్య. ఏడున్నర అక్కడ ఎలా ఇముడుతుంది?

కాగితం గొప్పదని, ఫోను చెడ్డదని నేను అనడం లేదు. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చేసిన ప్రయోగాలను పత్రికలు ఇప్పటికీ ఉదాహరిస్తుంటాయి. ల్యాప్‌టాప్‌లో రాసుకున్నవారు ఉపన్యాసాన్ని దాదాపు మాటకు మాట దించారు, భావాన్ని అడిగే ప్రశ్నల్లో చేతితో రాసినవారికన్నా వెనుకబడ్డారు. 2021లో మరో బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే, దించడం అలాగే కనిపించింది కానీ మార్కుల్లో ఆ తేడా కనిపించలేదు. కాబట్టి నా తగాదా పరికరంతో కాదు, దించడంతో. రఫ్ నోట్సును ఫెయిర్ నోట్సులోకి అక్షరం మారకుండా ఎక్కించి, అయిదు రంగుల స్కెచ్ పెన్నులతో శీర్షికలు దిద్దినవారికీ ఇదే వర్తిస్తుంది. ఫెయిర్ నోట్సు అడిగే బళ్లు ఉన్నాయి కాబట్టి రాయండి. అది చదువుకున్న సమయంగా మాత్రం లెక్క వేసుకోకండి.

ఇక ఎంపిక. పబ్లిక్ పరీక్ష పెన్నుతో రాస్తారు. ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కంప్యూటర్ మీద జరిగినా, లెక్క చేసేది రఫ్ కాగితం మీదే. గీత, గుర్తు, మెట్టు ఉన్నవన్నీ కాగితం మీదే: గణితం, భౌతికశాస్త్రం, రసాయన సమీకరణాలు, జీవశాస్త్రం బొమ్మలు. తిరుపతి గాంధీ రోడ్డులో ఏ దుకాణంలోనైనా గీతలు లేని లాంగ్ నోట్‌బుక్ దొరుకుతుంది, నేను అదే వాడతాను. గీతల పుస్తకంలో బొమ్మ ఇరుకున పడుతుంది.

ఫోను పనికొచ్చేది రోజురోజుకూ పెరిగే జాబితాలకు. మీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు కదా. పుటాకార దర్పణం – కాన్కేవ్ మిర్రర్, నాభ్యంతరం – ఫోకల్ లెంగ్త్ అని జంటలు ఎక్కిస్తూ పోండి. కాగితం మీద మధ్యలో కొత్త మాట ఇరికించలేం, ఫోనులో వెతికితే క్షణంలో దొరుకుతుంది. చిత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు మూడో వరుస పెట్టుకోవచ్చు. పాకాల నుంచి, చంద్రగిరి నుంచి బస్సులో వచ్చేవారికి నిలబడి చూసుకోవడానికి కూడా ఇదే వీలు.

ఫోటోనే తీయవలసిన చోటూ ఒకటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో కొండను తొలిచిన చోట, కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు (ఇసుకరాయి మారి ఏర్పడిన గట్టిరాయి) పొరలు కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య కోట్ల సంవత్సరాల ఎడం ఉంది. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఆ రాతి రంగును, పొరల వాలును పెన్సిలుతో పట్టలేం. ఫోటో తీయండి, అదే పూట ఏది పాతదో, ఏది కొత్తదో రెండు వాక్యాలు కింద రాయండి. ఆ రెండు వాక్యాలు లేకపోతే అది విహారయాత్ర ఫోటోల్లో కలిసిపోతుంది.

అభ్యాసం: పై లెక్కను 1 సెం.మీ. = 5 సెం.మీ. స్కేలులో గీయండి. నాభి 2, వక్రతా కేంద్రం 4, వస్తువు 6 సెం.మీ. దగ్గర, వస్తువు ఎత్తు 2 సెం.మీ. ప్రతిబింబం 3 సెం.మీ. దగ్గర, 1 సెం.మీ. ఎత్తుతో రావాలి. రాకపోతే దర్పణాన్ని మరీ వంచి గీశారని అర్థం, దాని స్థానంలో నిలువు గీత గీయండి. తర్వాత వస్తువును వక్రతా కేంద్రం మీద, దానికీ నాభికీ మధ్య, నాభికీ ధ్రువానికీ మధ్య ఉంచి మరో మూడు బొమ్మలు గీసి, ప్రతిదానికీ సూత్రంతో లెక్క చేయండి. మరునాడు పుస్తకం మూసి నాలుగూ మళ్లీ గీయండి. ఆగిపోయిన చోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, ఆ ఎర్ర గుర్తులున్న పేజీనే పంపండి. సాంఘికశాస్త్రానికి ఈ వారం అభ్యాసం లేదు, దాని సంగతి పటాల పాఠంలో చూద్దాం.