పదిమందికి పని ఇస్తున్నారా? ఆ పని ఊరికీ మేలయ్యేలా ఎలా చేయాలి

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో తెల్లవారుజామున మూడింటికి కూడా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కొండ దిగినవాళ్లు కొందరు, రైలు దిగినవాళ్లు కొందరు. ఆ వేళలో దుప్పట్లు మార్చి, వేడినీళ్లు మోసేవాళ్లు కొర్లగుంట నుంచో, చుట్టుపక్కల పల్లెల నుంచో వచ్చినవాళ్లే. వాళ్ల ఇల్లు బాగుంటే ఆ వీధి బాగుంటుంది. లాడ్జీ, హోటలు, చిన్న ఫ్యాక్టరీ నడిపేవాళ్లు ఏం చేయొచ్చో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు కాగితం. చేరిన రోజే తెలుగులో ఒక్క పేజీ రాసివ్వండి: ఏం పని, నెలకు ఎంత, ఎన్ని గంటలు, వారంలో సెలవు ఏ రోజు, జీతం ఏ తేదీన. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. చిత్తూరు వైపు తమిళం మాత్రమే చదవగలిగేవాళ్లూ ఉంటారు, వాళ్లకు తమిళంలోనే చెప్పాలి. ఒక కాపీ వాళ్ల చేతిలోనే ఉండాలి. ఆధార్ ఒరిజినల్, ఏటీఎం కార్డు మాత్రం మీ బీరువాలో పెట్టుకోకండి. అడ్వాన్సు ఇస్తే రాసుకోండి, కొంచెం కొంచెంగా పట్టుకోండి. బాకీ తీరేదాకా కదలకూడదంటే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం దాన్ని నిషేధించింది.

తర్వాత ఈఎస్ఐ, అంటే పనివాళ్లకు వైద్యం, దెబ్బ తగిలితే డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక లాడ్జీలో చేసేవాణ్ణి. ఇరవై మందికి పైగా ఉండేవాళ్లం, ఒక్కరికీ ఈఎస్ఐ లేదు. ఒక రూం బాయ్ తడి మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఆపరేషన్ కోసం వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. ఆ కమ్మలు చుట్టిన గుడ్డముక్క నాకింకా కళ్లముందే ఉంది.

పది మంది పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కట్టాలి. జీతంలో పనివాడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. 14,000 జీతమైతే వాళ్లది 105 రూపాయలు, మీది 455. దానికి ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉంటే జీతంలో 90 శాతం వరకు ఈఎస్ఐ నుంచే వస్తుంది. తిరుపతిలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. “పెళ్లయిన అమ్మాయిని తీసుకుంటే కాన్పుకి ఆరు నెలలు జీతం ఎక్కడ ఇచ్చేది?” అని వెనకాడే యజమానులను చాలామందిని చూశాను. ఈఎస్ఐ సక్రమంగా కడుతుంటే మొదటి రెండు కాన్పులకు ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐయే ఇస్తుంది, మీ గల్లాపెట్టె నుంచి పోదు.

ఇరవై మంది ఉంటే పీఎఫ్ కూడా తప్పదు. కట్టడంతో సరిపెట్టకండి. ఒక మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లలోనే యూఏఎన్ (పీఎఫ్ కోసం ఒక్కొక్కరికి ఇచ్చే నంబరు) యాక్టివేట్ చేయించి పాస్‌బుక్ చూపించండి. మా హౌస్‌కీపింగ్ అక్క ఒకామె తన పేరు కింద అంకె చూసి, “ఇదంతా నాదేనా సార్? మా ఆయనకు తెలీకుండా ఉంటాదా?” అని అడిగింది. నీదేనమ్మా అన్నాను. అప్పటి నుంచి ప్రతి నెలా వచ్చి చూపించమనేది.

డ్యూటీ చార్టు పదిహేను రోజుల ముందే గోడకు అంటించండి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, అందులోనూ గరుడసేవ నాడు, ఎవరికీ సెలవు ఉండదని అందరికీ తెలుసు. ఆ తర్వాత వరసగా రెండేసి రోజులు ఎవరెవరికి ఇస్తారో కూడా ఆ చార్టులోనే రాసేయండి. రాత్రి షిఫ్టు దిగే ఆడవాళ్లు తెల్లారేదాకా పడుకోవడానికి లోపల గడియపెట్టుకునే గది ఒకటి కేటాయించండి, లేదా ఆటో మాట్లాడి పంపండి.

కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు దగ్గరి ఐటీఐలో, డ్వాక్రా సంఘాల్లో ఒక మాట చెప్పండి. తితిదే నడిపే బధిర పాఠశాల తిరుపతిలోనే ఉంది. చెవుడున్న పిల్లలు లాండ్రీలో, వంటింట్లో చక్కగా చేస్తారు; బెల్లు బదులు ఒక లైటు పెడితే చాలు.

పది మంది గానీ అంతకు మించి గానీ ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి కమిటీ వేయాలి. అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలి, బయటి నుంచి ఒకరు రావాలి. యజమాని బంధువులతో నింపితే ఎవరూ నోరు విప్పరు.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లకు ఒక మాట. సీజన్లో కూలీలను మేస్త్రీ తెచ్చినా, ఈఎస్ఐ కట్టాల్సిన బాధ్యత చివరికి మీదే. కూలి మేస్త్రీ చేతికి కాకుండా ఎవరి ఖాతాలో వాళ్లకు వేయండి.

ఇక పని మానేసి వెళ్లేవాళ్ల సంగతి. రావాల్సిన జీతం ఆపకండి. పీఎఫ్‌లో మానేసిన తేదీ ఎక్కించండి, లేకపోతే ఆ డబ్బు తీసుకోవడం వాళ్లకు ఆలస్యమవుతుంది. పనిచేసిన కాలం రాసి సంతకం పెట్టిన కాగితం ఒకటి చేతికిచ్చి పంపండి.