పిడుదుల అధ్యయనం – 4వ పాఠం: ఆతిథేయిని నమోదు చేయడం

ముందుగా గత పాఠంలోని అభ్యాసానికి జవాబు. దొరికిన పిడుదు ఏ దశలో ఉందో, ప్రౌఢ జీవి అయితే ఆడదో మగదో ఎలా చెప్పాలన్నది ప్రశ్న. ఆరు కాళ్లున్నది డింభకం, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల. ఎనిమిది కాళ్లుండి, పొట్ట వైపు జననరంధ్రం లేనిది శాబకం, అంటే డింభకానికీ ప్రౌఢ జీవికీ నడుమ దశ. జననరంధ్రం ఉంటే ప్రౌఢ జీవి. ప్రౌఢ జీవుల్లో వీపంతా గట్టి కవచం పరుచుకుని ఉంటే మగది, కవచం ముందు భాగంలోనే ఆగిపోతే ఆడది. డింభకానికీ శాబకానికీ కూడా కవచం చిన్నదే. కాబట్టి కాళ్లు, జననరంధ్రం చూశాకే కవచం సంగతి చూడండి. ఈ వరుస దృఢ పిడుదులకే పనికొస్తుంది. మెత్తని పిడుదులకు అసలు కవచమే ఉండదు.

ఇక ఈ పాఠం. సీసాలోని పిడుదు ఎంత చక్కగా ఉన్నా, అది ఏ జంతువు మీద (ఆ జంతువే దాని ఆతిథేయి), ఏ దశలో దొరికిందో తెలియకపోతే దానితో చేయగలిగే పరిశోధన చాలా తక్కువ.

పశువులను పట్టే గోమారి, అంటే రైపిసెఫాలస్ మైక్రోప్లస్, డింభకంగా ఎక్కిన పశువు మీదే మూడు దశలూ గడిపి, సుమారు మూడు వారాలకు నెత్తురు నిండాక నేలరాలి గుడ్లు పెడుతుంది. అమెరికాలో ఉండే ఇక్సోడెస్ స్కాప్యులారిస్ అనే పిడుదు దారి వేరు. అది ప్రతి దశలోనూ ఒక్కసారి నెత్తురు తాగి దిగిపోతుంది. చిన్న దశల్లో ఎలుకలు, పక్షుల వంటి వాటి మీద, ప్రౌఢ దశలో ఎక్కువగా జింకల మీద కనిపిస్తుంది. దాని ఆతిథేయి ఎవరని ఎవరైనా అడిగితే, ఏ దశలో అని మీరు ఎదురు ప్రశ్న వేయాలి.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ 1893లో ప్రచురించిన పని చూపిస్తుంది. అమెరికాలో పశువులను చంపుతున్న టెక్సాస్ జ్వరాన్ని పిడుదులే మోస్తున్నాయని వాళ్లు రుజువు చేశారు. కానీ జీవితమంతా ఒకే పశువు మీద గడిపే పిడుదు రెండో పశువుకు జబ్బు ఎలా అంటిస్తుంది? జబ్బు పశువు నెత్తురు తాగిన ఆడ పిడుదుల గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆరోగ్యంగా ఉన్న పశువులకు జ్వరం తెప్పించాయి. ఆతిథేయిని, దశను కలిపి చూడకపోతే ఈ చిక్కుముడి విడేది కాదు.

సేకరణకు వద్దాం. అడవి జంతువులను అనుమతి, శిక్షణ ఉన్నవారే పట్టుకోవాలి. పెంపుడు జంతువులతో మొదలుపెట్టడం మేలు. ఆవులు, గేదెల్లో చెవుల లోపల, గంగడోలు, పొదుగు, తొడల లోపలి వైపు, తోక కింద వెతకండి. కుక్కల్లో చెవులతో పాటు వేళ్ల సందులు వదలకండి. చేతి తొడుగులు వేసుకుని, సన్నని మొనల పట్టకారుతో పిడుదును చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా తిన్నగా పైకి లాగండి. మెలిపెడితే నోటిభాగాలు విరిగి చర్మంలోనే ఉండిపోవచ్చు. అవి లేకుండా ప్రజాతిని గుర్తించడం కష్టం. నూనె పూయడం, నిప్పు తగిలించడం వద్దే వద్దు.

ఒక జంతువుకు ఒక సీసా. రూపం చూడడానికి 70 శాతం ఆల్కహాల్ చాలు. డీఎన్‌ఏ తీయాలనుకుంటే 95 శాతం వాడండి. చీటీని పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, మామూలు సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చీటీలో జంతువు జాతి, లింగం, వయసు, ఒంటి మీద దొరికిన చోటు, తేదీ, స్థలం, సేకరించినవారి పేరు ఉండాలి. కొత్తవారు వదిలేసేది ఇంకొకటి ఉంది: పిడుదు కరచుకుని ఉందా, ఊరికే పాకుతోందా? పాకుతున్నది ఆ జంతువు నెత్తురు తాగుతుందని మీకు తెలియదు. కరచుకుని, ఒళ్లు ఉబ్బి ఉంటే తెలుసు.

పిడుదుకు ఆతిథేయి అయినంత మాత్రాన అది మోసే సూక్ష్మజీవికీ ఆతిథేయి అయిపోదు. పిడుదుల ద్వారా మనుషులకు సోకే లైమ్ జబ్బు బాక్టీరియాను తెల్లకాళ్ల ఎలుక ఒంట్లో ఉంచుకుని పిడుదులకు అందిస్తుంది. జింక మాత్రం ఎన్ని పిడుదులను పోషించినా ఆ బాక్టీరియాను వాటికి అందించదు. నోటు పుస్తకంలో ఈ రెంటికీ వేర్వేరు గళ్లు పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. ఊహకు పది ఎలుకలు తీసుకుందాం. పిడుదుల సంఖ్యలు వరుసగా 0, 0, 1, 0, 0, 2, 0, 27, 0, 0. పదింట మూడింటికి పట్టాయి కనుక వ్యాప్తి 30 శాతం. పట్టిన ఎలుకలకు సగటు 10, మొత్తం ఎలుకలకు సగటు 3. సున్నాలు రాయని సేకర్త చేతిలో మిగిలేది ఆ 10 ఒక్కటే. ఆ పదిని కూడా నమ్మలేం, ఎందుకంటే దాన్ని అంత పైకి లాగింది ఒక్క ఎలుక. పట్టిన మూడింటి మధ్యమ విలువ, అంటే సంఖ్యలను చిన్న నుంచి పెద్దకు పేరిస్తే నడుమ వచ్చేది, 2 మాత్రమే. పిడుదులు దాదాపు ఎప్పుడూ ఇలాగే కొద్ది జంతువుల మీద గుంపుగా చేరతాయి. అందుకే సగటు పక్కన మధ్యమ విలువ ఇవ్వని నివేదికను నేను నమ్మను.

సున్నాల విలువ ఇంతటితో ఆగదు. ఫలానా పిడుదు ఒకే జాతి జంతువును పడుతుందని రాసి ఉంటే, మిగతా జాతులను ఎన్నింటిని వెతికారో చూడండి. హ్యారీ హూగ్‌స్ట్రాల్ వంటి మహా సేకర్తలు పిడుదులు తమ ఆతిథేయులకు గట్టిగా కట్టుబడి ఉంటాయని భావించారు. 1996లో హాన్స్ క్లోంపెన్, సహపరిశోధకులు ఆ కట్టుబాటులో చాలా భాగం సేకరణ చాలకపోవడం వల్ల అలా కనిపించి ఉండవచ్చని వాదించారు. రెండే సార్లు దొరికిన పిడుదుకు రెండు కంటే ఎక్కువ ఆతిథేయులు ఎలా కనిపిస్తాయి?

అభ్యాసం: పన్నెండు కుందేళ్ల మీద పిడుదులు 0, 0, 3, 0, 1, 0, 0, 41, 0, 0, 2, 1. వ్యాప్తి, రెండు సగటులు, పట్టినవాటి మధ్యమ విలువ కట్టండి. ఆ 41 పిడుదులూ ఒకే జాతి డింభకాలు, మిగతావన్నీ శాబకాలు. ఆడ పిడుదు వేల గుడ్లను ఒకే చోట పెడుతుందని రెండో పాఠంలో చదివారు. ఆ ఒక్క కుందేలుకే అన్ని ఎందుకు పట్టాయో రెండు వాక్యాల్లో రాయండి. జవాబులు ఐదో పాఠంలో, గడ్డి మీద గుడ్డ ఈడ్చి పిడుదులను పట్టే పద్ధతితో పాటు.